మైకు లేని ఏడు శనివారాలు

నా నోటికి తాళం లేదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. చిక్కబళ్ళాపురలో ప్రభుత్వ ఆఫీసులో ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. పై అధికారి ఫైలులో తప్పు రాస్తే ఆయన ఎదురుగానే వేలు పెట్టి చూపించేదాన్ని. పెళ్ళిళ్ళలో సాంబారు బాగా లేకపోతే వండినాయన్ని పిలిపించి మరీ చెప్పాను. అలాంటి నేను ఒక ఎండాకాలమంతా ఒక్క మాట చెప్పలేక నోరు మూసుకుని కూర్చున్నాను. చెప్పాల్సిన మనిషి నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నది.

ఆమె మా సంగీతం అమ్మ. చింతామణిలో మార్కెట్టు వెనక వీధిలో ఇల్లు. పాటా, ఫిడేలూ రెండూ నేర్పేది. తొమ్మిదేళ్ళప్పుడు ఆమె ఇంట్లో చాప మీద కూర్చున్నాను. ఇప్పుడు నాకు యాభై నాలుగు, ఆమెకు ఎనభైకి దగ్గర. ఇప్పటికీ నన్ను పాపా అనే పిలుస్తుంది. ఆమె పాడితే పక్కన ఫిడేలు వాయించేది నేనే.

ప్రతి ఏడూ ఉగాది దాటాక మా సముదాయ భవనంలో ఏడు శనివారాలు సాయంత్రం కచేరీ పెట్టడం అలవాటు. కొత్త భవనం పెళ్ళిళ్ళకు పోయింది. రేకుల కప్పున్న పాత హాలు మాకు మిగిలింది. అరవై మంది పడతారు. ఐదు గంటలకు మొదలుపెట్టి ఏడుకు మంగళం పాడి, పానకం, నానబెట్టిన పెసరపప్పు కోసంబరి పంచి ఇళ్ళకు పంపించేస్తాం. మైకు ఉండదు. అంత చిన్న హాలుకు మైకెందుకు, గొంతును గొంతులాగే వినండి అని అమ్మ మొదటినుంచీ పట్టుబట్టింది.

ఆ ఏడు ఉగాదికి ముందు ఆమెను బస్సులో చిక్కబళ్ళాపురకు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. చప్పుడు వినపడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కమన్నారు. నేను బయట నిలబడి చూస్తున్నాను. డాక్టరు మిషన్ తిప్పుతూనే ఉన్నాడు, అమ్మ బొటనవేలు మాత్రం కదలడం లేదు. ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి, ఎంతో శ్రద్ధగా కూర్చుని ఉంది.

చెవి మిషన్ ఇచ్చారు. మాటలకు కొంచెం పనికొచ్చింది కానీ పాటకు పనికిరాలేదు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు ఉందని పాడేటప్పుడు తీసి సంచిలో వేసేది.

ఆ రోజు తిరుగు బస్సులో నా చెయ్యి పట్టుకుంది. "పాపా, ఈ ఎండాకాలం ఏడు వారాలూ నేనే పాడతా. ఇంక ముందరికి పాడేది ఉండదు. నేను శ్రుతి తప్పితే నాకు తెలీదు, నీకు తెలుస్తాది. తప్పిన రోజే నాకు చెప్పల్ల. ఆ రోజే ఆపేస్తా. శ్రుతి లేకుండా పాడుకుంటా కూర్చునిందని అనిపించుకునేది నాకు వద్దు."

"చెప్తానమ్మా" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

మొదటి శనివారం బాగా జరిగింది. ఆమె గొంతు చెక్కు చెదరలేదు. మంగళం అయ్యాక చెవి మిషన్ పెట్టుకుని "ఎట్లుండె పాపా?" అని అడిగింది. "బాగుండాదమ్మా" అన్నాను. నిజం చెప్పడం ఎంత సులభమో ఆ రోజు ఆలోచించలేదు.

రెండో శనివారం మూడో పాటలో పై షడ్జం దగ్గర ఆమె గొంతు కొంచెం కిందనే ఆగిపోయింది. శ్రుతిపెట్టె దాని దారిన అది మోగుతోంది. అమ్మ గొంతు దానికి కొంచెం కిందుగా, ఎంతో నిండుగా, నమ్మకంగా సాగుతోంది. ఆ కొంచెమే కచేరీని చంపేస్తుంది. నా వేలు ఒక్క క్షణం సరైన స్వరం మీద నిలబడింది. తర్వాత జారింది. ఆమె ఉన్న చోటికి దిగిపోయాను.

అలా దిగడం నాకు నేర్పించింది ఆమే. నాకు పదహారేళ్ళప్పుడు బాగేపల్లిలో ఒక రామనవమి కచేరీలో పెద్దావిడ ఒకామె పాడుతుంటే వాయించాను. ఆమె శ్రుతి జారింది. నేను జారకుండా, నాకు తెలుసునని అందరికీ తెలిసేటట్టు, సరైన స్వరం మీద బిగించి కూర్చున్నాను. జనం ఆ పెద్దావిడ మొహం చూశారు. తిరిగొచ్చాక అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పిలిచి, "పక్కవాద్యం అంటే పాడేవాళ్ళను ఒంటరిగా వదలకూడదు. వాళ్ళు యాడికి దిగితే నువ్వూ ఆడికి దిగల్ల. తప్పు పట్టేది ఇంటికొచ్చినాక" అంది. అప్పటినుంచి నా వేళ్ళకు అదే అలవాటు. తప్పు పట్టేది ఇంటికొచ్చాక అన్న సగాన్ని మాత్రం ఆ ఎండాకాలం మింగేశాను.

ఆ సాయంత్రం "ఎట్లుండె పాపా?" అంది. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆ మొహం పానకం గ్లాసు పైనుంచి నన్నే చూస్తోంది. ఇంకా ఐదు వారాలున్నాయి. "బాగుండాదమ్మా" అన్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. వచ్చే వారం సర్దుకుంటుందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను.

సర్దుకోలేదు. మా మృదంగం మేష్ట్రు సాదలి నుంచి వస్తాడు. బడినుంచి రిటైరై పట్టుపురుగులు పెంచుకుంటున్నాడు, వాటికి ఆకేసి బస్సెక్కుతాడు. మూడో శనివారం అమ్మ రాకముందే నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"ఆ పెట్టె ఆపేద్దామమ్మా. అది మన మాట వినేది కాదు. తంబూర పెట్టుకుంటే మనం చెప్పినట్టు వింటాది."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. స్టోర్ గదిలోనుంచి పాత తంబూర తీసి తుడిచాం. పెట్టె చెడిపోయిందని అమ్మకు చెప్పాను. "మంచిదే, తంబూరకు ప్రాణముంటాది" అని సంతోషపడింది. నాతోపాటు నేర్చుకున్న ఒకామె అమ్మ వీపు వెనక కూర్చుని తంబూర మీటేది. తంబూర తీగల మొదట్లో చిన్న చిన్న పూసలుంటాయి. వాటిని కొంచెం కిందకో పైకో జరిపితే శ్రుతి వెంట్రుకవాసి మారుతుంది. నేను ఆమె వైపు చూస్తే ఆమె పూస జరిపేది. మేష్ట్రు పాటకూ పాటకూ మధ్య మృదంగం అంచు మీద రాయితో కొట్టి శ్రుతి దించేవాడు. అమ్మ అటు చూస్తే, "ఎండకు తోలు బిగిసిపోయిందమ్మా" అని గట్టిగా చెప్పేవాడు. ఆమె తలూపేది.

అలా హాలు మొత్తాన్ని ఆమె గొంతుకు సరిపోయేటట్టు కొంచెం కొంచెంగా కిందికి దించాం. ఆ పనిలో ఎంత ఆరితేరామంటే, నాలుగో వారానికి నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

తంబూర ఆమె ఒకసారి నాతో నెమ్మదిగా అంది. "అక్కా, ఆమెకు చెప్పల్ల గదా మనం."

"అంత ధైర్యముంటే నువ్వే పోయి చెప్పు" అని కసిరాను. పాపం, తల వంచుకుని పూసలు సరిచేసుకుంది.

వినేవాళ్ళకు తెలియదనుకున్నాను. టొమాటో మండీలో వ్యాపారం చేసి మానేసిన ఒక పెద్దాయన నలభై ఏళ్ళుగా ముందు వరుసలో స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. నాలుగో శనివారం పానకం గిన్నె దగ్గర నా పక్కకు వచ్చి, "బాగా చూసుకుంటాండారమ్మా ఆమెను. అట్లే పోనీండి" అన్నాడు. అంటే అందరికీ తెలుసు. తెలిసే తలలు ఊపుతున్నారు, ముందుకంటే ఎక్కువగా ఊపుతున్నారు. నాకు భారం దిగినట్టూ అనిపించింది, ఒళ్ళు కడుక్కోవాలనీ అనిపించింది. మూడో వారం అడిగినట్టే ఆ రోజూ, ఆ తర్వాతి వారమూ అమ్మ అడిగింది. ప్రతిసారీ బాగుండాదమ్మా అనే చెప్పాను.

ఆరో శనివారం కల్యాణి రాగం ఎత్తుకుంది. కళ్ళు మూసుకుని ఆలాపన చేస్తోంది. బయట మబ్బు పట్టింది. ఉక్కగా ఉండిన గాలి ఒక్కసారిగా చల్లబడింది. ముందు రేకుల మీద నాలుగు చినుకులు టపటపమన్నాయి. తర్వాత వడగండ్లు.

రేకుల కింద వడగండ్ల వాన ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుసు. పక్కవాడు అరిచినా వినపడదు. నా ఫిడేలు నాకే వినపడలేదు. ఆ హాల్లో వాన రావడం కొత్త కాదు. ఎవరు పాడుతున్నా వాన రాగానే ఆపి, నీళ్ళు తాగి, వెలిశాక మళ్ళీ ఎత్తుకుంటారు. చిన్నప్పటినుంచీ అదే చూశాం.

అమ్మ ఆపలేదు. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి గాలిలో రాగాన్ని తిప్పుతోంది, మొహం నిండా నవ్వు. వాన వస్తోందని ఆమెకు తెలియలేదు.

ఆమె మోకాలు తట్టి ఆపాలి. తడితే ఆమెకు అంతా తెలిసిపోతుంది. మేష్ట్రు నా వైపు చూశాడు. నేను తల దించుకుని ఫిడేలు మీద కమాను లాగుతూనే ఉన్నాను. ముందు వరుసలోవాళ్ళు కూడా ఆమె కళ్ళు తెరిస్తే ఏమనుకుంటుందోనని కాబోలు, కళ్ళు మూసుకుని తలలూపడం మొదలుపెట్టారు. తొడల మీద తాళం కూడా వేస్తున్నారు. ఏ పాటకు వేశారో వాళ్ళకే తెలియాలి.

అమ్మ కళ్ళు తెరిచింది. తలుపు దాటి గడప లోపలికి వడగండ్లు ఎగిరి పడుతున్నాయి. నేలంతా తెల్లగా ఉంది. ఆమె దాన్ని చూసింది. పైకి, రేకుల వైపు చూసింది. నోరు మూసింది.

నేను కమాను ఆపాను. కళ్ళు మూసుకున్నవాళ్ళకు ఆమె ఆపిన సంగతి తెలియలేదు. వాళ్ళ తలలు ఊగుతూనే ఉన్నాయి. అమ్మ ఒక్కొక్క తలనే చూసింది. మండీ పెద్దాయన తలను, ఆయన పక్కనున్నామె తలను, ఆ వెనకవాళ్ళ తలలను. ఎవరినీ వదలకుండా చూసింది. నాకు నేల చీలితే దిగిపోదామనిపించింది.

వాన కాస్త తగ్గింది. అప్పుడు ఎవరో కళ్ళు మూసుకునే "భళా" అన్నారు.

అమ్మ చేతులు జోడించి, "ఈ పొద్దుకు చాలు" అని లేచింది. మంగళం పాడలేదు. నేను ఎరిగినంతలో ఆమె మంగళం పాడకుండా లేవడం అదే మొదటిసారి.

హాలు వెనక గదిలో చెవి మిషన్ పెట్టుకుని నన్ను పిలిచింది.

"ఎన్ని వారాలాయ పాపా?"

"రెండో వారం నుంచమ్మా."

"నువ్వు దిగినావా?"

"దిగినాను."

"ఆ తంబూర, మేష్ట్రు రాయి పెట్టి కొట్టేది, అదంతా దానికేనా?"

తలూపాను. నాకు ఏడుపొచ్చింది. "నువ్వే నేర్పించింటివి గదమ్మా, ఒంటరిగా వదలొద్దని" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమెకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. సంచిలో సామాను సర్దుకుంటూ చెప్పింది. "వదల్లేదనుకుంటిరి మీరంతా. ఆడ నేను ఒక్కదాన్నే ఉంటి పాపా. ఐదు వారాలు. నువ్వొక్క మాట చెప్పింటే ఇంటికి పోయి, మర్యాదగా మూలన కూర్చునేదాన్ని." చీర కొంగు సరిచేసుకుని మళ్ళీ అంది. "ఒట్టేస్తివి గదా."

మధ్యలో మంగళవారం వాళ్ళింటికి పోయాను. మజ్జిగ ఇచ్చింది. టొమాటో రేటు పడిపోయిందని, నీళ్ళ ట్యాంకరు రాలేదని మాట్లాడింది. సంగీతం మాట ఎత్తలేదు. వచ్చేటప్పుడు మాత్రం, "ఈ శనివారం నువ్వు వాయించు. నేను కింద కూర్చుంటా" అంది.

ఏడో శనివారం ఆమె మండీ పెద్దాయన పక్కన, ముందు వరుసలో కూర్చుంది. చెవి మిషన్ పెట్టుకోలేదు. శ్రుతిపెట్టె పెట్టాం, చెడిపోయిందని నేను చెప్పిన ఆ పెట్టెను ఆమె చూసింది. నేను ఆమె ఆపేసిన కల్యాణినే ఎత్తుకున్నాను. ఆమె కళ్ళు నా కమాను మీద ఉన్నాయి. కమాను ఎటు పోతే అటు ఆమె వేళ్ళు తాళం వేస్తున్నాయి. వింటోందనే నమ్మాను. ఆ రాగాన్ని ఆమెకోసమే, దాచుకోకుండా వాయించాను.

మధ్యలో ఉక్కకు పై తీగ వదులైంది. ఒక స్వరం ఘోరంగా అపశ్రుతి పలికింది. మేష్ట్రు మొహం చిట్లించాడు. మండీ పెద్దాయన కళ్ళు తెరిచి చూశాడు. చిన్నప్పుడు నేను అందులో సగం తప్పు చేసినా అమ్మ వంటింట్లోనుంచి గరిటె పట్టుకుని వచ్చేది.

ఆమె తల అలాగే ఊగుతోంది. ఎక్కడా తడబడలేదు.

నేను బిరడ తిప్పి తీగ బిగించుకుని, ఎలాగో మంగళం దాకా లాక్కొచ్చాను. పానకం పంచుతుండగా ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె సంచిలోనుంచి మిషన్ తీసి చెవికి పెట్టుకునేదాకా ఆగాను.

"ఎట్లుండె అమ్మా?" అని అడిగాను.

పానకం గ్లాసు పైనుంచి నా మొహంలోకి చూసింది.

"బాగుండాది పాపా" అంది, నేను నాలుగు శనివారాలు చెప్పిన గొంతుతోనే.