హైమ రాసిన ఫైలు

ఎన్నో ఏళ్ళుగా నా మీద ఒక బరువుంది. బయటికి కనిపించేది కాదు. నా పని బాగుందని ఎవరైనా అన్నప్పుడల్లా అది లోపల కదులుతుంది. నేను నవ్వి మాట మారుస్తాను, వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. వినయం కాదు, భయం. ఇంకాసేపు మెచ్చుకుంటే నిజం నోట్లోంచి ఎక్కడ జారిపోతుందో అని.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదని నా పేరు రాయడం లేదు. ఆమె పేరు కూడా మార్చాను. హైమ అనుకోండి. ఆమె పేరు దాచడం నాకిది రెండోసారి. మొదటిసారి ఎందుకు దాచానో చెప్పడానికే ఇదంతా.

మాది పలాస. కాశీబుగ్గలో నాన్నకి చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. పెళ్ళి కార్డులు, జీడిపప్పు సంచుల లేబుళ్ళు, ఎన్నికలప్పుడు కరపత్రాలు వేసేవారు. హైమది కంచిలి దగ్గర ఊరు. వాళ్ళకి కొబ్బరితోట ఉంది. ఇద్దరం టెక్కలిలో ఇంజనీరింగ్ చదివాం. తరగతిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. హాస్టల్లోనూ ఒకే గది.

ప్రెస్సులో పాత ఫాంట్లతో కొట్టిన తెలుగుని వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. దాన్ని ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చదివే తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాద్దామన్న ఆలోచన నాదే. నాన్న దగ్గర పడి ఉన్న పాత ఫైళ్ళు చూసి వచ్చిందది. ఫైలు తెరవడం, మార్చినదాన్ని మళ్ళీ దాచడం, తప్పొస్తే వాడేవాళ్ళకి చెప్పడం, ఆ పని నేను రాశాను. అసలు కష్టం ఒత్తుల దగ్గర. మా పాత ఫాంటులో క్రావడిని, అంటే ర ఒత్తుని, అక్షరానికి ముందే కొట్టాలి. కొత్త పద్ధతిలో అది అక్షరం తరవాత రావాలి. ఒత్తు కింద ఒత్తు, దాని మీద గుణింతం వచ్చేసరికి నా బుర్ర పనిచేసేది కాదు. ఆ భాగం మొత్తం హైమ రాసింది. ఒకే ఒక్క ఫైలు. మా ప్రోగ్రాంకి ప్రాణం అదే. ఫైలు మొదటి వరుసలో తన పేరు రాసుకుంది.

చదువయ్యాక తను ఊరికి వెళ్ళింది. వాళ్ళ నాన్నకి అప్పటికే కిడ్నీలు చెడిపోయాయి. నేను ఇంట్లో ఖాళీగా ఉన్నాను. అప్పుడే తెలిసింది, ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి నడిపే ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని, అందులో మనలాంటి వాళ్ళ ప్రోగ్రాములు కూడా చేర్చుకుంటారని. చేరిందంటే దాన్ని వాడే ఎవరైనా ఒక్క ఆదేశం కొట్టి మన ప్రోగ్రాంని తెచ్చుకోవచ్చు. హైమకి ఫోన్ చేసి చెప్పాను. సంతోషించింది. నువ్వు చూసుకోవే, నాకు ఇక్కడ తీరిక లేదు అంది.

చేర్చడం అంత తేలిక కాదు. కొత్తవాళ్ళ పని చూసి, సరిదిద్ది, తన పూచీ మీద లోపలికి పంపే పెద్దాయన ఒకరుండాలి. నాకు దొరికినాయన ఏ దేశంవాడో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఓపిక మాత్రం చాలా ఉండేది. వాడుక చెప్పే పేజీ లేదు, రాయమనేవాడు. రాసేదాన్ని. పరీక్షించే పద్ధతి పెట్టమనేవాడు. పెట్టేదాన్ని. నేను తెలియక ప్రెస్సులోని ఫాంటుని కూడా ప్రోగ్రాంతో కలిపి పంపాను. అది మీరు చేసింది కాదు, చేసినవాళ్ళు పంచుకోమని చెప్పలేదు, తీసెయ్యండి అన్నాడు. సిగ్గుపడి వెంటనే తీసేశాను. పరాయి సొత్తు విషయంలో వాళ్ళెంత పట్టింపుగా ఉంటారో అలా నాకు తెలిసింది. తెలిసీ చేశాను నేను ఆ తరవాత చేసింది.

ఒకరోజు ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఒత్తులు సర్దే ఫైలు చదివాను, చాలా అందంగా రాశారు, ఇలాంటిది అరుదుగా చూస్తాం అని. కింద ఒక ప్రశ్న. ఆ ఫైలు మీద వేరే పేరుంది, ఆమె ఎవరు? దీన్ని ఉచితంగా పంచడానికి ఒప్పుకున్నట్టు ఆమె చేత ఒక మాట రాయించి పంపుతారా?

మామూలుగా అయితే అది చిన్న పని. కానీ అప్పుడే తుపాను వచ్చి వెళ్ళింది. మా ఉద్దానం ప్రాంతంలో తోటలకు తోటలే నేలకూలాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. హైమకి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. కొత్త ప్రోగ్రాముల్ని తీసుకోవడం ఆపేసే గడువు దగ్గర పడుతోంది. అది తప్పితే మళ్ళీ చాలాకాలం ఆగాలి.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథ ఇక్కడితో ఆగిపోతుంది. తుపాను, గడువు, కలవని ఫోను. వింటే ఎవరైనా జాలిపడతారు. కానీ జరిగింది అది కాదు. గడువు ఇంకా ఉండగానే ఫోన్లు పనిచేయడం మొదలైంది. రైళ్ళు తిరిగాయి. పలాసలో పాసింజర్ ఎక్కితే సుమ్మాదేవి, మందస దాటి కంచిలి ఎంతసేపు? వెళ్ళి ఒక్క మాట రాయించుకుని మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. ఆ మెచ్చుకోలు ఫలానా అమ్మాయిది అని ఆయనకి ఒక్క వాక్యం రాసి, కొంచెం ఆగమని అడగొచ్చు. ఎందుకు అడగలేదు?

ఆ మెచ్చుకోలు నాది కావాలనిపించింది. అంతే. దాని మీద ఇంకే పేరూ అతికించలేను. నాన్న ప్రెస్సు మూతపడేలా ఉంది, నాకు ఉద్యోగం లేదు. అవన్నీ నిజమే, కానీ వాటి వల్ల కాదు. అందంగా రాశారు అన్న ఆ మాట చదివినప్పుడు ఒక్క క్షణం నేనే రాశాననిపించింది. ఆ క్షణాన్ని వదులుకోలేకపోయాను.

ఆ మొదటి వరుస తీసేశాను. ఆ పేరు స్నేహితురాలిది, సరదాకి పెట్టాను, మొత్తం నేనే రాశాను అని జవాబిచ్చాను. ఆయన నమ్మాడు. మా ప్రోగ్రాం చేరింది. హక్కులెవరివో చెప్పే చోట ఒక్క నా పేరే ఉంది.

ఆ రోజుల్లో హైమ ఏం చేస్తోందో నాకు తరవాత తెలిసింది. రోడ్డుకడ్డంగా పడ్డ చెట్ల మధ్య నుంచి వాళ్ళ నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్ళడానికి అవస్థపడుతోంది.

ఆ ప్రోగ్రాంని చూపించే నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే పని. కొంతకాలానికి హైమ కూడా విశాఖపట్నంలో ఒక ఉద్యోగానికి వెళ్ళింది. మీరు సొంతంగా చేసింది ఏదైనా చెప్పండి అన్నారట. తను ఈ ప్రోగ్రాం గురించి చెప్పింది. వాళ్ళు అక్కడికక్కడే తెచ్చి చూశారు. అందులో ఆమె పేరు లేదు. ఎవరూ కోప్పడలేదట. ఒకాయన నవ్వి, మరో ప్రశ్న వేయకుండా ఆమె దరఖాస్తు ఉన్న ఫైలు మూసేశాడట.

తిరుగు రైల్లో తను కంచిలి దాకా వెళ్ళలేదు. పలాసలో దిగి నేరుగా ప్రెస్సుకి వచ్చింది. నాన్న భోజనానికి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. జరిగింది నెమ్మదిగా చెప్పి, నా మొహం చూసి అడిగింది.

“అందులో నా పేరు నేదేటే? ఏటైంది?”

“ఆళ్ళు తీసేసినారే. ఒక్క పేరే ఉండాలంట. రూలంట,” అన్నాను.

“నువ్వు సెప్పలేదా, అది నాను రాసిందని?”

“సెప్పినాను. ఒప్పుకోలేదు.”

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, భయంతో. తను వాటిని మరోలా అర్థం చేసుకుంది. నా చెయ్యి పట్టుకుంది.

“పోన్లేవే. మనమెవలమో ఆళ్ళకేటి తెలుసు? నువ్వు మాత్రం ఏటి సేత్తావు. బాధపడకు.”

మంచినీళ్ళు తాగి, పాసింజర్‌కి టైమైందని వెళ్ళిపోయింది.

పేరు తీసెయ్యడం కన్నా నన్ను ఎక్కువ తొలిచింది ఇదే. ఆమెకి నేను చేసిన అన్యాయానికి ఆమె చేతే ఓదార్పు పొందాను. ఆ ఓపికైన పెద్దాయన మీద నింద వేశాను. ఆయన ఒక్కడే ఆమె ఎవరని అడిగినవాడు.

హైమ మళ్ళీ ఎక్కడా ఉద్యోగానికి ప్రయత్నించలేదు. వాళ్ళ నాన్న పోయాక, ఊరికి దగ్గర్లో ఒక కిడ్నీ ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పనిలో చేరింది. నా వల్లేనా? కాకపోవచ్చు. అయి ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏది నిజమో తెలుసుకునే హక్కు కూడా నాకు లేదనిపిస్తుంది.

ఈ ఏడు ఒకాయన మా ప్రోగ్రాంలో తప్పొకటి చూపించాడు. ఒక రకం జంట ఒత్తు వస్తే పదం తారుమారవుతోంది. తప్పు హైమ రాసిన ఫైల్లో ఉంది. ఎంత కూర్చున్నా నాకు అంతుపట్టలేదు. నేను రాయలేదు కదా, ఎలా తెలుస్తుంది? చివరికి ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె దగ్గరకి వెళ్ళాను. పశ్చాత్తాపంతో వెళ్ళానా, పని పడి వెళ్ళానా? పని పడే వెళ్ళాను. దారిలో పశ్చాత్తాపం కూడా తోడైంది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. తను తెర మీద తన రాతని చూసి చిన్నగా నవ్వింది. ఎప్పుడో రాసింది, అయినా ఏ వరుస ఎందుకు రాసిందో గుర్తుంది. కాసేపట్లో తప్పు దిద్దేసింది. అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉండాల్సింది. పని పూర్తయ్యేదాకా ఆగాను. ఇదీ రాయాలి.

పేరు వాళ్ళు తీసెయ్యలేదు, నేనే తీసేశానన్నాను. తుపాను సంగతి ఎత్తలేదు. ఎత్తితే అది మళ్ళీ కథ అయిపోతుంది.

హైమ ల్యాప్‌టాప్ మూత వేసి నా వైపు జరిపింది. “ఇప్పుడెందుకు సెప్పినావు?” అని మాత్రం అడిగింది. లోపల ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది. చాలాసేపు కూర్చున్నాను. తను తిరిగి రాలేదు.

ఇంటికొచ్చి ఆమె పేరు ఆ ఫైలు మొదటి వరుసలో తిరిగి పెట్టాను. హక్కుల దగ్గరా పెట్టాను. మార్పుకి కారణం రాయాల్సిన చోట, ఈమె పేరు ఇంతకుముందు నేను కావాలనే తొలగించాను, అది పొరపాటు కాదు అని రాశాను. అది ఎవరైనా చదవొచ్చు. ఆ పెద్దాయనకి విడిగా ఉత్తరం రాశాను. దిద్దినందుకు సంతోషం, ఇలాంటివి మొదట్లోనే చెప్పాలి అని జవాబిచ్చాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేదు.

హైమ నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తాలని అడగడానికి నేనెవర్ని? ఆమె మనసులో ఏముందో ఊహించి ఇక్కడ రాస్తే, ఆమెది మరొకటి తీసుకున్నట్టే అవుతుంది. రాయను.

కానీ ఆ వరండాలో, నేనే తీసేశాను అని పైకి అన్నప్పుడు, ఆ మాట నేను అనుకున్నంత పెద్దగా లేదు. రెండే ముక్కలు. ఇన్నేళ్ళూ వాటినే మోశాను. ఇప్పుడు మీకూ చెప్పాను. నేనే తీసేశాను.