ఎర్రమట్టి అలికిన గది

"నడిసొచ్చిన గుంటని జీపులో పడుకోబెట్టి పంపినారు. ఇంకా ఏటి మాటాడతారు మేడమ్?"

"నోరు జారకు బుధూ. కొర్రకొత్త పండక్కని ఇంటికి తోలుకెళ్ళింది నువ్వు కాదూ? జ్వరం అక్కణ్ణించే అంటించుకొచ్చింది."

"మా ఇంట్లో రెండు రాత్రులు పడుకున్నాది. మీ గదిలో ఎన్ని రాత్రులు పడుకున్నాదో మీరే సెప్పండి."

"అయితే ఆ మలేరియా వాళ్ళనడుగు! గోడలకి మందు కొట్టేశామని చెప్పి చక్కా పోయారు. కొట్టారో, గెడ్డలో పారబోశారో నాకేం తెలుసు?"

కంచె బయట ఫల్గుణ ఆగిపోయాడు. జూలైలో ఆ గోడలకు డీడీటీ కొట్టింది అతనే. పాడేరులో డిగ్రీ మధ్యలో వదిలేసి, ఇంట్లో నాన్న తిట్లు పడలేక, వానాకాలాల్లో మలేరియా వాళ్ళ దగ్గర రోజుకూలికి పంపు మోస్తున్నాడు. హాస్టల్లో పిల్ల చనిపోయిందని తెలిశాక, పడకగదికీ స్టోరుగదికీ మళ్ళీ మందు కొట్టి రమ్మని ఆఫీసరు పంపాడు. జోడీగా రావలసిన పైడయ్య జ్వరంతో పడుకున్నాడు. దోమలమందు కొట్టేవాడికే మలేరియా. ఆ ఏడు మన్యంలో దాని మీద వేసే జోకులు కూడా పాతబడిపోయాయి.

లోపలికి పోయి "నా చేతుల్తో కొట్టాను మేడమ్" అని అరుద్దామనుకున్నాడు. బుధు మొహం చూశాక మానుకున్నాడు. బుధు పక్కన రేకుపెట్టె మీద అతని చిన్నకూతురు సోములమ్మ కూర్చుని ఉంది. పోయింది పెద్దది, కనక. ఉన్నదాన్నయినా దక్కించుకుందామని తండ్రి వచ్చాడు. వార్డెన్ బిందుమాధవి పంపనంటోంది. ఇవాళ ఒక పిల్ల పెట్టె ఎత్తుకుపోతే రేపటికి హాస్టలంతా ఖాళీ అవుతుందని ఆవిడ భయం.

వంటపాక గుమ్మంలో అచ్చియమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. చెరగడం లేదు. వింటోంది.

అచ్చియమ్మ ఫల్గుణకు మేనత్త. మొగుడు జీలుగు చెట్టు మీంచి పడి చచ్చిపోయాక, పిల్లాజెల్లా లేని మనిషి అన్నగారింట్లో కొన్నాళ్ళుంది. వదినతో పడలేదు. పడదని ముందే తెలిసినట్టు, ఒకనాడు ముంచింగిపుట్టు సంతకని బయల్దేరి, రెండు కొండలు ఇవతలే ఉన్న ఈ హాస్టల్ దగ్గర ఆగి, వంటకి మనిషి కావాలా అని అడిగింది. అప్పట్నించీ ఇక్కడే. వంట ఆవిడదే, ఊడ్చడం ఆవిడదే, తలల్లో పేలు చూడ్డం ఆవిడదే, రాత్రి కాపలా కూడా ఆవిడదే. జీతం మాత్రం వంటకి.

హాస్టలంటే ఏదో అనుకునేరు. మట్టిగోడలు, రేకుల కప్పు ఉన్న ఒక పొడుగాటి గది. పక్కన స్టోరుగది, వెనక వంటపాక. పిల్లలు ఆ గదిలోనే చదువుకుని, పుస్తకాలు గోడవారకి నెట్టి, అక్కడే చాపలు పరుచుకుని పడుకుంటారు. కిటికీలకు చట్రాలున్నాయి, తలుపుల్లేవు. గుమ్మానికి తలుపుంది, గడియ లేదు. స్నానాలగది కట్టారు గానీ అందులోకి నీళ్ళు ఏనాడూ రాలేదు. అందులో కట్టెలు పేర్చుకున్నారు. దోమతెరలు వస్తాయని ప్రతి ఏడూ చెబుతారు. చెప్పేవాళ్ళు మారతారు, తెరలు రావు.

గడియ లేని తలుపుకి గడియ అచ్చియమ్మే. రాత్రి గుమ్మానికి అడ్డంగా చాపేసుకుని పడుకునేది. సంతనాటి సాయంత్రం తాగి తూలే మగాళ్ళు హాస్టల్ కంచె దగ్గర ఆగడం మామూలు. ఒకసారి రోడ్డు పనికొచ్చిన మేస్త్రీ ఒకడు కిటికీలో తల పెట్టాడు. అచ్చియమ్మ మాట్లాడకుండా వెళ్ళి వేడి గంజి తెచ్చి ఆ తల మీద పోసింది. వాడు కేకలేస్తూ పరిగెత్తుతుంటే, "తెల్లారి రా బావా, ఉప్పేసి ఎడతాను!" అంది. పిల్లలు చాపల మీద పడి దొర్లి దొర్లి నవ్వారు. పొద్దున గెడ్డకి స్నానానికి వెళ్ళేటప్పుడు వాళ్ళని గుంపు చేసి, ముందు తను దిగి, కర్రతో నీళ్ళు కెలికి, పాముల్లేవని చూశాకే దింపేది. ఇంత మంది పిల్లల మీద ఏళ్ళ తరబడి ఒక పాము పడలేదు, ఒక మగాడి చెయ్యి పడలేదు.

దోమని మాత్రం ఆవిడ శత్రువని అనుకోలేదు. కొండల్లో ఎవరనుకున్నారు గనక?

జూలైలో మందు కొట్టాక గదంతా కంపు. గోడల నిండా తెల్లటి చారలు. నల్లులు సందుల్లోంచి బయటికొచ్చి పిల్లల్ని పీక్కుతిన్నాయి. తలనొప్పులన్నారు, అన్నం సయించదన్నారు. అంతలో ఆగస్టు పదిహేనుకి పెద్దాఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. "అచ్చియమ్మా, గోడలు చూడు, కాకులు రెట్టలేసినట్టున్నాయి. బేగి శుభ్రం చేయించు" అంది వార్డెన్.

గోడ పాడైతే కొండ మీద ఆడది చేసే పని ఒకటే. ఎర్రమట్టి తెచ్చి, పేడ కలిపి అలకడం. పండగొచ్చినప్పుడు అలకని ఇల్లు మనుషుల్లేని ఇల్లని వాళ్ళ లెక్క. అచ్చియమ్మ పెద్దపిల్లల్ని వెంటేసుకుని కొండ పక్కనించి మట్టి తవ్వి తెచ్చింది. కనక తట్ట మోసింది. పిల్లలంతా పాటలు పాడుకుంటూ చేతులు ముంచి అలికారు. కింద వరసంతా వేళ్ళతో అలలు గీశారు. కంపు పోయింది, చారలు పోయాయి, నల్లులు కూడా మట్టి కింద పూడిపోయాయి. ఆఫీసరు చూసి, వంటమనిషయినా ఎంత శ్రద్ధండీ అన్నాడు. అచ్చియమ్మ తన జన్మలో అంత సిగ్గుపడింది లేదు.

సెప్టెంబరులో జ్వరాలు మొదలయ్యాయి. నర్సు పోస్టు ఎప్పట్నించో ఖాళీ. వార్డెన్ తన దగ్గరున్న మాత్రలు ఇచ్చింది. కొందరికి తగ్గింది. కనకకి తగ్గినట్టే తగ్గి, ఒక సాయంత్రం కళ్ళు పైకి తేలిపోయాయి. బురదకి జీపు కిందికి దిగనంటే అచ్చియమ్మ ఆ పిల్లని వీపున కట్టుకుని రోడ్డు దాకా ఎక్కింది. దారి పొడుగునా "కనకా, పలుకే, నీ తాటాకు బుట్ట ఎక్కడ దాసినావే" అని పలకరిస్తూనే ఉంది. పిల్ల పలకలేదు. ఆసుపత్రి చేరకముందే జీపులో పోయింది.

ఇవన్నీ ఫల్గుణకు తర్వాత తర్వాత తెలిశాయి. ఆ పొద్దున అతనికి తెలిసింది ఒకటే, తను చెయ్యని తప్పు తన నెత్తిన పడుతోందని. కంచె దాటి, పంపూ బకెట్టూ మందు సంచీ ముంగిట్లో దించి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా పడకగదిలోకి పోయాడు. చారలు చూపించి వార్డెన్ నోరు మూయిద్దామని.

గోడలు ఎర్రగా, నున్నగా మెరుస్తున్నాయి.

ఒక్క నిమిషం అతనికేమీ అర్థం కాలేదు. గోరుతో గీకాడు. ఎర్ర పెచ్చు ఊడింది. దాని కింద తెల్లటి పొడి. ఇంకో చోట గీకాడు, అక్కడా అంతే.

"ఏటి సేత్తన్నావు అల్లుడా? ఆ గోడనేటి సేత్తన్నావు?" గుమ్మంలో అచ్చియమ్మ.

"ఇది అలికిందెవరత్తా?"

"నేనే. పిల్లలూ నేనూ. ఏటయ్యింది?"

ఫల్గుణ మాట తిన్నగా రానివాడు కాదు. ఎవరికయినా మొహం మీదే చెప్పేస్తాడు. కాలేజీ నించి బయటికొచ్చింది కూడా ఆ నోటివల్లే. ఇప్పుడు మాత్రం గోటిలో ఇరుక్కున్న మట్టి తీసుకుంటూ నిలబడ్డాడు. జూలైలో, గోడలు ముట్టుకోవద్దని వార్డెన్‌తో ఒక ముక్క చెప్పి, ఆవిడ తలూపితే చాలనుకుని పక్క ఊరికి పరిగెత్తాడు. వంటపాకలో ఉన్న అత్తకి చెప్పాలని అతనికీ తోచలేదు, వార్డెన్‌కీ తోచలేదు.

"దోమ కుట్టి గోడ మీద వాల్తుందత్తా. ఆ తెల్లమందు మీద వాల్తే సస్తాది. మట్టి మీద వాల్తే..."

ఆపేశాడు. మిగతాది ఆవిడ మొహంలో కనిపించింది. అచ్చియమ్మ నాలుగు గోడలూ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. కిటికీ కింద, వేళ్ళతో గీసిన అలల దగ్గర, చూపు ఆగింది. కనక చాప వేసుకునే చోటు అది.

"నువ్వెవరికీ సెప్పకు" అన్నాడు ఫల్గుణ గొంతు తగ్గించి. "మందు సరిగ్గా కలవలేదని నేనే అంటాను. నా కూలి పోతే పోనీ, మరో పని సూసుకుంటాను. నీకయితే ఇంకో సోటు లేదు."

"తప్పుకో" అంది ఆవిడ.

ముంగిట్లో తగువు ఇంకా అలాగే ఉంది. అచ్చియమ్మ వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడింది.

"తమ్ముడా బుధూ, మందు కొట్టినారు. నేనే దాని మీద మట్టి అలికేసినాను. గోడ బాగుండాలని. నా బుద్ధికి తెలీలేదు."

వార్డెన్ ముందు తేరుకుంది. "అలకమని నేను చెప్పానా? శుభ్రం చేయించమన్నాను. అంతే."

"మీరు నాకేటీ సెప్పలేదు మేడమ్. అలకమనీ సెప్పలేదు, అలకొద్దనీ సెప్పలేదు."

ఆ మాటలో దెప్పు ఉందో లేదో ఫల్గుణకి తెలియలేదు. వార్డెన్‌కి మాత్రం తగిలింది. ఆవిడ మొహం తిప్పుకుని, రేపటి నించి వంటకి వేరే మనిషిని చూసుకుంటామంది. తీసుకుపోయే వాళ్ళు తీసుకుపోవచ్చంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆవిడ గదికి గడియ ఉంది.

బుధు పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. సోములమ్మ చెయ్యి పట్టుకుని కంచె దాకా నడిచి, అక్కడ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మాట్లాడినప్పుడు అతని గొంతులో కోపం లేదు, అదే భయమేసింది ఫల్గుణకి.

"అక్కా, కొర్రకొత్తకి మేమూ అలికినాం. ఇల్లంతా. మందు కొట్టి ఎల్లిన నెలకే. కనకొచ్చి సాయం పట్టినాది. హాస్టల్లో నేర్సుకున్నానని వేళ్ళతో గీతలు కూడా గీసినాది."

సోములమ్మ తండ్రినీ, అచ్చియమ్మనీ మార్చి మార్చి చూస్తోంది. ఎటు పోవాలో చెబితే అటు పోయే వయసు. హాస్టల్ గోడలూ ఎర్రవే, ఇంటి గోడలూ ఎర్రవే.

బుధు పెట్టె దించలేదు. ఇంత జరిగాక ఏ తండ్రయినా పిల్లని అక్కడే వదిలిపోతాడా? "సంపుకుంటే ఇంటికాడే సంపుకుంటాను" అని కాలిబాట పట్టాడు. సోములమ్మ వెనక్కి వెనక్కి చూస్తూ తండ్రి వెంట నడిచింది.

అచ్చియమ్మ ఫల్గుణ దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. బకెట్టు పక్కనున్న మందు సంచి తాకి, బరువు చూసింది.

"ఇది దేనికి తెచ్చినావు?"

"ఈ గదికీ, స్టోరుగదికీ."

"బియ్యం బస్తాలకి జొరాలు రావు అల్లుడా. గదికి నేను పంపు కొడతాను, నువ్వు గొట్టం పట్టు. కొట్టేసి, మిగిలిన సంచి పట్టుకుని బుధు ఇంటికి పో. బేగి పో, సీకటి పడకముందే. ఆ గుంట ఇవాళ రాత్రి ఆ ఎర్రగోడల మద్దిన పడుకోకూడదు."

"ఆఫీసరు ఊరుకోడత్తా. స్టోరుగదికి కొట్టలేదని తెలిస్తే..."

"తిట్టించుకో. నీకలవాటే కదా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "బుధు పంపు కొడతాడు. కొట్టినాక ఊర్లో ఆడోళ్ళందర్నీ పిలు. మగోళ్ళకి సెప్పి ఎల్లిపోకు, అలికేది మగోళ్ళు కాదు. మందు కొట్టిన గోడ ఎర్రమట్టితో అలకొద్దని, పండగైనా సరే అలకొద్దని, తెలుగులో కాదు, మన కొండమాటలో సెప్పు. ఎందుకలకొద్దని అడుగుతారు. అప్పుడు నన్ను దాయకు అల్లుడా. అచ్చియమ్మ అలికితే ఏటయ్యిందో, నా పేరెట్టి సెప్పు."