జమ్మి మీద పెట్టని రివాల్వర్

షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో మా గదిలో ఆరుగురం. అందులో ఐదుగురికి ఒక రివాల్వర్ గురించి తెలిసినంత సొంత పెళ్ళాం గురించి కూడా తెలిసి ఉండదు. ఆ రివాల్వర్‌ను మేం ఐదుగురం ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. చూసినవాడు, మోసినవాడు, చివరికి అమ్ముకున్నవాడు ఆరోవాడు, మా కాక.

కాక అంటే నాకు సొంత చిన్నాన్నేమీ కాదు. మా పక్క మండలం మనిషి, ఫౌజులో హవల్దారుగా చేసి దిగినవాడు, వయసులో పెద్ద. అందుకని గదిలో అందరికీ కాకే అయ్యాడు. మా కంపెనీ ఇనుప షెడ్లు తయారు చేస్తుంది. నేను అక్కడ టైమ్ కీపర్ని, ఆయన గేటు దగ్గర సెక్యూరిటీ. మా ఇద్దరినీ పంపింది ఒకే ఏజెంట్.

ఫౌజు నుంచి వచ్చాక కాక లైసెన్సు సంపాదించి, ముప్పై రెండు బోరు రివాల్వర్ ఒకటి కొని, ఒక బంగారు దుకాణంలో గన్‌మన్‌గా చేరాడు. కరోనాలో దుకాణం మూతపడింది. విమానాలు మళ్ళీ తిరగడం మొదలవగానే దుబాయ్ దారి పట్టాడు. షార్జా అయినా అబుదాబి అయినా మా వైపు అన్నీ దుబాయే. అప్పుడు ఏజెంట్ ఆయనకు ఒక మాట చెప్పాడట. పేరు మీద ఆయుధం ఉంటే పోలీసు క్లియరెన్స్ రాదని, వచ్చినా ఇక్కడి ఎయిర్‌పోర్టులో పట్టుకుని వెనక్కి పంపేస్తారని, అందుకని అమ్మేసి రమ్మని. కొనేవాణ్ణి కూడా వాడే తీసుకొచ్చాడు. లైసెన్సు ఉన్న ఒక ప్లాట్ల వ్యాపారి. అమ్మకం ఠాణాలో తెలిపి, కాగితాల ప్రకారమే జరిగింది. వ్యాపారి రివాల్వర్ తీసుకున్నాడు గానీ దాని తోలు ఒర పాతబడిందని వద్దన్నాడు. ఆ ఖాళీ ఒరను బట్టల మధ్య పెట్టుకుని కాక దుబాయ్ వచ్చాడు.

వచ్చిన నాటి నుంచి మా ప్రాణాలు తోడేశాడు. అన్నం తింటుంటే అదే మాట, బట్టలు ఉతుకుతుంటే అదే మాట. దాని పిడి అరచేతిలో ఎలా ఇమిడేదో, ఆదివారం వస్తే నూనెగుడ్డతో ఎలా తుడిచేవాడో, అమ్మిన రోజు వ్యాపారి దాన్ని కూరగాయల సంచిలో వేసుకుని ఎలా పోయాడో. మొదట్లో ఆసక్తిగానే విన్నాం. తర్వాత మర్యాద కోసం విన్నాం. ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకోగానే ఒకడు స్నానానికి లేచేవాడు, ఇంకొకడు ఇంటికి ఫోన్ చేసుకునేవాడు. నాకు ఆ దారీ లేదు. ఆయనది కింది మంచం, నాది పైది. నిచ్చెన మీంచి కాలు దించేలోపే దొరికిపోయేవాణ్ణి.

పోనీ దాన్ని ఎప్పుడైనా పేల్చాడా అంటే, దుకాణంలో ఒక్కసారి కూడా బయటికి తీసే అవసరం రాలేదు. ఆ మాటే నేనోసారి అన్నాను. తీయకుండా ఉండటమే దాని పనని నా మీద గుడ్లురిమాడు. ఇక్కడ గేటు దగ్గర కంపెనీ ఆయనకిచ్చినవి ఒక టార్చిలైటు, ఒక వాకీటాకీ. వాకీటాకీని నడుముకు కుడిపక్కన తగిలించుకుని, నడుస్తూ నడుస్తూ దాని మీద చెయ్యి వేసి చూసుకునేవాడు. అది చూస్తే నాకు జాలేసేది. జాలి చూపిస్తే మళ్ళీ మొదటి నుంచీ చెబుతాడని మొహం తిప్పుకునేవాణ్ణి.

దసరా వస్తే ఇక ఆయన్ని పట్టలేం. మా దిక్కు దసరాకు ఎవరి పనిముట్లకు వాళ్ళు పూజ చేస్తారు. క్యాంపులోనూ మేమది మానలేదు. డ్రిల్లు మిషన్లు, వెల్డింగ్ హోల్డర్లు, సుత్తులు గోడవారగా పేర్చి బొట్లు పెట్టేవాళ్ళం. నేను నా కాలిక్యులేటర్ పెట్టేవాణ్ణి. కాక ఆ ఖాళీ ఒర తెచ్చి అన్నిటి కన్నా ముందు పెట్టేవాడు. క్యాంపు వెనక ఇసుకలో ఒక ఘాఫ్ చెట్టు ఉంది. ఈ దేశం వాళ్ళు పెట్టుకున్న పేరు అది గానీ, చెట్టు మాత్రం అచ్చంగా మన జమ్మే. మా వాళ్ళలో దాన్ని మొదట గుర్తుపట్టింది కూడా కాకే. పూజ కాగానే అందరం అక్కడికి పోయి, రాలిన ఆకులు ఏరుకుని, బంగారం అంటూ ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుంటాం. కొమ్మ విరిస్తే జరిమానా పడుతుందని ప్రతి ఏడూ నేనే మొత్తుకోవాలి.

ఆ చెట్టు కింద నిలబడితే కాక నిట్టూర్పులకు అంతుండేది కాదు. ఒక ఏడు నాకు ఓపిక నశించింది. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలను జమ్మి మీద పెట్టి పోయారు గానీ అమ్ముకుని పోలేదు కదా అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ మాట గదిలో పాతుకుపోయింది. కాక నోరు తెరిస్తే చాలు, ఎవడో ఒకడు పాండవులను తీసుకొచ్చేవాడు.

మా రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చిన ఏడు, దసరా ఇంకా నాలుగు రోజులుందనగా ఊరి నుంచి కబురు వచ్చింది, ఆ వ్యాపారి రివాల్వర్‌ను అమ్మేస్తున్నాడని. అంతే, వీసా క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోతానని కాక భీష్మించుకు కూర్చున్నాడు. లైసెన్సు ఎప్పుడో పోయింది, వెళ్ళి ఏం చేస్తావన్నాను. మళ్ళీ పెట్టుకుంటానన్నాడు. అది వస్తుందో రాదో తెలియదు, ఇంటికి నీ సంపాదన ఒక్కటే ఆధారం, ఈ వయసులో వదిలేసి పోతే నిన్ను మళ్ళీ ఇక్కడికి ఎవడు పిలుస్తాడని నెత్తీ నోరూ బాదుకున్నాను. గోడకు చెప్పుకున్నా ఆ మాత్రం వినేది. చివరికి క్యాన్సిల్ వద్దు, సెలవు అడుగుదామని ఒప్పించి ముదీర్ దగ్గరికి, అంటే మా మేనేజర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

వెళ్ళే ముందు నచ్చజెప్పాను. భూమి తగాదా ఉందని చెబుదాం, రివాల్వర్ మాట మాత్రం ఎత్తొద్దన్నాను. సరే సరే అన్నాడు. తీరా ముదీర్ సెలవు ఎందుకని అడగగానే, కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డాడు.

"రివాల్వర్ కే లియే, సాబ్."

ముదీర్ పెన్ను కింద పెట్టాడు. రివాల్వర్ ఇక్కడ లేదు, ఇండియాలో ఉంది, అది కూడా ఈయనది కాదు అని నేను హిందీలో సర్దబోయాను. నేను సర్దేకొద్దీ ఆయన మొహం మాడిపోయింది. కాసేపటికి కంపెనీ సెక్యూరిటీ వాళ్ళు మా గదిలో పరుపులు తిరగేస్తున్నారు. కాక పెట్టె అడుగున తోలు ఒర దొరికింది. ఇది ఇక్కడుంటే లోపలిది ఎక్కడుందని అడిగారు. నా బియ్యం సంచి నేల మీద గుమ్మరించి మరీ వెతికారు. ఆ బియ్యంలో ఇసుక ఏరలేక నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. ఇంత జరిగినా కాక తొణకలేదు. ముదీర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, లైసెన్సు తీసుకున్న రోజు నుంచి కూరగాయల సంచి దాకా మొత్తం కథ వినిపించాడు. ఆ కథను ఎవరైనా చివరి దాకా వినడం చాలా కాలం తర్వాత అదే. సంచి దగ్గరికి వచ్చేసరికి ముదీర్ రెండు చేతులూ ఎత్తి ఖలాస్ ఖలాస్ అన్నాడు. ఒర తిరిగి ఇప్పించాడు. పని జోరు మీదుంది, సెలవు కుదరదు, పోవాలంటే క్యాన్సిల్ చేసుకుని పో, మళ్ళీ రావడం మాత్రం ఉండదన్నాడు. దసరా మర్నాటికల్లా జవాబు చెప్పమన్నాడు.

దసరా నాడు డ్యూటీ దిగి, పూజ చేసి, అందరం చెట్టు కిందికి చేరాం. క్యాన్సిల్ చేయమని రేపు ముదీర్‌తో చెప్పమన్నాడు కాక. ఒర చంకలో పెట్టుకుని ఆ వ్యాపారికి వీడియో కాల్ చేశాడు. తాను వస్తున్నానని, ఎవరికీ అమ్మొద్దని చెప్పాడు. పండగ పూట ఒక్కసారి దాన్ని చూపించమని బతిమాలాడు.

వ్యాపారి మంచిగానే మాట్లాడాడు. ఎన్నికల కోడ్ వచ్చిందని ఠాణాలో అప్పజెప్పాడట. ఇలా మాటిమాటికీ ఠాణాకు మోయలేకే అమ్మేద్దామనుకున్నాడట.

"పోయినేడు పిల్లలతోని దుబాయ్ జూడ వచ్చినప్పుడు గూడ గంతే. ఠాణల పెట్టి వచ్చిన, వాపస్ పోయినంక తెచ్చుకున్న."

కాక ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"నీ పేరు మీద ఉండంగనే వచ్చినవా? ఎయిర్‌పోర్టుల ఎవ్వలు అడుగలేదా?"

"గదెందుకు అడుగుతరే. వాళ్లకేం పని?"

కాక ఫోన్ పెట్టేశాడు. పాండవుల మాట ఎత్తడానికి ఆ రోజు ఎవడికీ నోరు రాలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషి మీద విసుక్కున్న నాకు, ఆ ఏజెంట్ గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది. నన్ను పంపింది కూడా వాడే. నాతో ఏమేం అబద్ధాలాడాడో ఇప్పుడు ఎవర్ని అడగను?

రేపు ముదీర్‌కు ఏం చెప్పమంటావని అడిగాను.

"పోనని చెప్పు. ఇగ దాని మొకం ఎట్ల జూడాలె?"

వంగి ఇసుకలో నుంచి రెండు ఆకులు ఏరి నా చేతిలో పెట్టాడు. నేను ఆయన కాళ్ళకు మొక్కాను. భుజం పట్టి లేపాడు.

"పాండవులు అమ్ముకోలేదని అంటుంటవు గద కొడుకా," అన్నాడు. "వాళ్లకు ఏజెంటు లేకుండె."