పోలిక కోసం పడుకున్న మనిషి

మా స్కానింగు సెంటర్లో ఆయాగా పనిచేసే ఆవిడను అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. యంత్రం నడపడం నా పని. లోపలికి వెళ్లేవాళ్ల గాజులు, పిన్నులు తీయించి ధైర్యం చెప్పడం ఆవిడ పని. నోరు పెద్దది. నా బట్టతల మీద ఆవిడ వేసిన జోకులకు లెక్కే లేదు.

మా ఊళ్లో బట్టల కుట్టు ఫ్యాక్టరీ తగలబడిన నెలకు, బతికి బయటపడ్డవాళ్లను మా దగ్గరికి పంపసాగారు. బెదిరిన ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, పీడకలలు, ఉలికిపాట్లు ముందుముందు ఎవరిని పట్టుకుంటాయో ఇప్పుడే అంచనా వేయొచ్చని డాక్టరమ్మ నమ్మకం. అక్కడ పనిచేసే అక్క వాళ్ల వదిన ఆ మంటల్లోనే పోయింది. అయినా అక్క నాలుగో రోజుకే పనిలోకి వచ్చేసింది. ఎంత రాతిగుండె అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అయినవాళ్లను పోగొట్టుకున్నా మంటలను కళ్లారా చూడనివాళ్లు కూడా పోలిక కోసం కావాలన్నారు. ప్రమాదం రోజు సెలవు పెట్టి, తలనొప్పితో ఇంట్లో పడుకున్నానని అక్క అందరికీ చెప్పింది కదా, ఆవిడనే యంత్రంలో పడుకోబెట్టాం.

యంత్రం ఎప్పటిలాగే దబదబా చప్పుడు చేయసాగింది. ఉన్నట్టుండి మైకులో అక్క గొంతు వినబడింది: "ఆగు, వస్తున్నా." ఎవరితో అంటోంది? అద్దం వెనక నేనొక్కడినే ఉన్నాను. ఆవిడకు నేను కనబడను కూడా.

అక్క స్కానులో కనబడ్డ బెదురు చూసి, బతికినవాళ్ల స్కానేదో ఇందులో కలిపేశావని డాక్టరమ్మ నన్ను కోప్పడింది. మర్నాడు మళ్లీ తీశాం. మళ్లీ అదే బెదురు కనబడింది, ఇంకాస్త గట్టిగా.

అక్కను ఇంటికి తీసుకెళ్లడానికి వాళ్ల అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. భార్య దిక్కులేకుండా, ఒంటరిగా పోయిందన్న దిగులు ఆయన్ను తినేస్తోంది. ఆఖర్లో పక్కన ఎవరైనా ఉన్నారా అని ఫ్యాక్టరీలో పనిచేసిన ప్రతి ఒక్కరినీ అడిగాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క లేచి వంటగదిలోకి వెళ్లిపోయేదట. డాక్టరమ్మ ఆయన ముందే అడగడం నాకు నచ్చలేదు.

"ఆ రోజు నిజంగా ఎక్కడున్నారమ్మా?"

అక్క అన్నయ్య వైపు చూడలేదు.

"వదిన కళ్లజోడు మర్చిపోతే ఇద్దామని వెళ్లా. వెనక షట్టరుకి బయట నేను, లోపల తను. షట్టరును దబదబా కొడుతూనే ఉంది. ఇనుము కాలిపోతోంది. చెయ్యి వెయ్యలేక పరిగెత్తా."



"నన్ను పిలిచిందా?" అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా. షట్టరు కింది సందులోంచి నా కాళ్లు చూసింది. నన్నే పిలిచింది."