రెండు రెక్కల విమానానికి బీడీ దారం

మస్కట్‌లో పనిచేసే మా బామ్మర్ది సెలవుకు వచ్చినప్పుడల్లా ఒక కంబలి, ఒక సెంటు సీసా తెస్తాడు. పోయిన వేసవిలో మాత్రం నా చేతిలో నలిగిన అట్టపెట్టె ఒకటి పెట్టాడు. "పాత సామాన్ల దుకాణంల కనవడ్డది బావా. నీ పిచ్చికి పనికొస్తదని తెచ్చిన," అన్నాడు. నా పిచ్చి అంటే బొమ్మ విమానాలు అతికించడం. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సెలవులు వచ్చాయంటే ఇంట్లో భోజనాల బల్ల నాది. మా ఆవిడ, అవ్వ కింద కూర్చుని తింటారు. అవ్వ అంటే మా అమ్మ.

మామూలు బొమ్మ విమానాల్లో ముక్కలన్నీ తయారుగా ఉంటాయి, తుంచి అతికించడమే. ఈ పెట్టెలో ముక్కలు లేవు, రెండు తెల్లని ప్లాస్టిక్ రేకులు ఉన్నాయి. రేకును వేడి చేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తే అది అచ్చుకు అంటుకుపోయి ఆ ఆకారం తెచ్చుకుంటుంది. మందుగోలీల పట్టీ మీద అరలు ఉబ్బినట్టు, ఆ రేకుల మీద విమానం రెక్కలు, పొట్ట, తోక ఉబ్బి ఉన్నాయి. వాటిని మనమే కోసుకోవాలి, మనమే అరగదీసుకోవాలి. మిగతావాటికి కాగితం మీద కొలతలు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. చెడగొడితే ఇంకో రేకు దొరకదు.

విమానం కూడా పాతకాలందే. కింద ఒక రెక్క, మీద ఒక రెక్క, రెండింటికీ మధ్య సన్నని కర్రలు, ఆ కర్రల మధ్య అడ్డంగా, ఐమూలగా లాగి కట్టిన తీగలు. ఆ రోజుల్లో రెక్కలను కర్రతో, గుడ్డతో చేసేవారు. వాటిని విరగకుండా పట్టి ఉంచింది ఆ తీగలే.

ప్రతి ముక్క చుట్టూ పెన్సిల్ గీత గీసి, బ్లేడుతో గాటు పెట్టి, విరిచి తీశాను. అద్దం ముక్క మీద గరుకు కాగితం అంటించి, నీళ్లు చల్లుకుంటూ అంచులు అరగదీశాను. ఒక్క రాపిడి ఎక్కువైతే రెక్క పొట్టిదైపోతుంది. నెలరోజులు అదే పని. వేలిముద్రలు అరిగిపోయి, అడ్మిషన్ల పని మీద కాలేజీకి పోతే హాజరు యంత్రం నన్ను గుర్తుపట్టడం మానేసింది. రెక్కల మధ్య కర్రలకు అగర్‌బత్తి పుల్లలు చీల్చి నునుపు చేశాను. "దేవునికి పొగ లేదు గని మీ ఇమానానికి పుల్లలు గావాలె," అని మా ఆవిడ రెండు రోజులు సణిగింది. ఏమైతేనేం, మీది రెక్క నిలబడింది. ఇక తీగలు కట్టడమే మిగిలింది. నా అసలు రంగు బయటపడింది అక్కడే.

నాకు ముక్కు మీద కోపం. నైలాన్ దారం కడితే ఉంగరాలు తిరిగింది. మామూలు దారం కడితే ముడి పెసరగింజంత కనిపించింది. వదులుగా కడితే వేలాడింది. బిగించి లాగితే లోపల డొల్లగా ఉన్న రెక్క వంగి, పుల్ల టక్కున ఊడి ఎగిరిపోయింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు తయారైంది నా విమానం. మూడోసారి పుల్ల ఊడినప్పుడు, సన్న ముక్కలు పట్టుకునే చిమటా తీసి గోడకేసి కొట్టాను.

గడపలో కూర్చున్న అవ్వ అంది, "గట్ల గుంజితె రాదు కొడుకా. వేలు చెప్పినంతనే గుంజాలె."

"నీకు తెల్వదు, నువ్వు ఊకో అవ్వా," అన్నాను.

ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు మూడేళ్లుగా అలవాటే. ఆ అలవాటు చేసింది నేనే. ఆ సంగతి చెప్పకుండా ఈ విమానం సంగతి చెప్పడం కుదరదు.

మా అవ్వ నలభై ఏళ్లు బీడీలు చేసింది. నిర్మల్ దగ్గరి మా ఊళ్లో ఆడవాళ్లు చాలామంది చేసేవారు. తునికాకు తడిపి, కొలత రేకు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు వేసి చుట్టి, మూతి మడిచి దారం చుట్టాలి. అంతా ఒడిలోని చాటలోనే. నా ఫీజులు, పుస్తకాలు, నేను హైదరాబాద్‌లో చదువుకున్న హాస్టల్, అన్నీ ఆ చాటలోంచి వచ్చినవే. కొత్తిల్లు కట్టుకున్నాక ఆమెను మా దగ్గరికి తెచ్చుకున్నాం. వస్తూ వస్తూ చాట, కత్తెర, కొలత రేకు మూటగట్టుకుని వచ్చింది. గృహప్రవేశం నాడు పొద్దున, కాలేజీ వాళ్లు వస్తున్నారని, ఆ మూటను తీసుకెళ్లి సజ్జ మీద వెనక్కి నెట్టాను.

భోజనాల దగ్గర నాతో పనిచేసే కెమిస్ట్రీ సారు, "అమ్మ ఏం చేసేది ఊర్ల?" అని మర్యాదగానే అడిగాడు. అవ్వ నోరు తెరిచేలోపే నేను, "వ్యవసాయం," అన్నాను. మాకు ఊళ్లో జానెడు జాగ లేదు. అవ్వ పక్కనే నిలబడి అప్పడాలు వడ్డిస్తోంది. నా ముఖం చూసింది, పక్క విస్తరికి జరిగింది.

తర్వాత ఆమె ఆ మూట ఎక్కడని అడగలేదు. ఇంట్లో నేను మాత్రం, "తంబాకు దుమ్ముకు దగ్గు వస్తది, డాక్టర్ వద్దన్నడు," అని చెప్పాను. ఏ డాక్టరూ అనలేదు. మేము ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. నాకు సిగ్గేసింది, అంతే. దానికి దగ్గు అని పేరు పెట్టాను.

అప్పటి నుంచి అవ్వ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. టీవీ ముందు కూర్చుంటే చేతులు కొంగు కొసను పట్టుకుని చుట్టేవి, విప్పేవి, చుట్టేవి. ఆమె చీరలన్నిటికీ కొంగు ఒక మూల పీచులు లేచి ఉండేది. "అత్తమ్మ చీరలు గట్లెందుకు చినుగుతున్నయో," అని మా ఆవిడ అనేది. నాకు తెలుసు. తెలిసే చూడనట్టు ఉన్నాను.

చిమటా విసిరిన మర్నాడు అవ్వ తన ట్రంకుపెట్టెలోంచి ఒక దారపు రీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బీడీ దారం. మూటలో లేనిది అదొక్కటే, నా కంట పడకుండా దాచుకున్నట్టుంది. జానెడు తెంపి, పురి విప్పి, ఒక్క పోగు వేరుచేసింది. కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగేసరికి నూగు అణిగిపోయింది. "గిది జూడు," అంది.

చూశాను. నేను వెతికిన సన్నదనం అదే. పెన్సిల్ పొడి రుద్దితే అచ్చం ఇనుప తీగ రంగు వచ్చింది.

కాగితం మీది బొమ్మ చూపించి ఎక్కడి నుంచి ఎక్కడికి కట్టాలో చెప్పాను. రెక్కలకు సూదిమొనంత రంధ్రాలు నేను వేశాను, కట్టడం ఆమె కట్టింది. ముడి వేయలేదు. పుల్ల మొదట్లో రెండు చుట్లు చుట్టి, కొసను చుట్టు కిందికి గోటితో దోపి, సుతారంగా లాగింది. దారం నిటారుగా నిలిచింది, రెక్క వంగలేదు. "బీడీ గట్టిగ చుడితె గాలి రాదు, వదులు చుడితె కార్ఖానల పక్కకు పడేస్తరు. గిదీ గంతే," అంది.

బల్ల ఆమెకు ఎత్తయింది. కింద కూర్చుంది. "ఒళ్లె ఏమన్న ఉంటె జర చేతులు నిలుస్తయి," అంది నా వైపు చూడకుండా. నేను వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి ఇచ్చాను. అది జారుతుంటే ఆమె కింద పాత తువ్వాల పరుచుకుంది. చాట సరిగ్గా మా నెత్తి మీద సజ్జ మీదే ఉంది. ఆమె దాని పేరెత్తలేదు, నేను దించలేదు. పది రోజులు ఆ పళ్లెంతోనే కట్టింది. ఆ పది రోజులూ కొంగు జోలికి పోలేదు.

కాలేజీ తెరిచాక సైన్సు ప్రదర్శన పెట్టారు. విమానాన్ని అద్దాల డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. అవ్వ తానూ వస్తానంది. నా కాలేజీ చూడడం ఆమెకు అదే మొదటిసారి. ఉతికిన చీర కట్టుకుని, కొంగు చిరిగిన మూల లోపలికి దోపుకుని, బల్ల పక్కన కుర్చీలో కూర్చుంది.

కెమిస్ట్రీ సారు వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "సార్, గీ తీగలు ఎవరు కట్టిండ్రు? ఒక్కటి సుత వదులు లేదు."

నేనే కట్టానంటే అయిపోయేది. అవ్వ నేల చూస్తోంది, ఈసారి కొడుకు తన పనికి ఏం పేరు పెడతాడో అన్నట్టు.

"మా అవ్వ," అన్నాను. "నలభై ఏండ్లు బీడీలు చేసింది సార్. నా చదువంత ఆ బీడీలదే."

ఆయన మతిమరుపు మనిషైతే బాగుండేది. "గృహప్రవేశం నాడు వ్యవసాయం అన్నరు గద?"

"అబద్ధం చెప్పిన. నామోషీ అయింది."

ఆయన అవ్వ ముందు కూర్చుని, ముడి లేకుండా దారం ఎట్లా నిలిచిందమ్మా అని అడిగాడు. ఆమె చూపుడువేలు మీద లేని దారాన్ని ఉత్త గాలిలో చుట్టి చూపించింది. ఎవరో పిల్లలు కూడా చుట్టూ చేరారు. నేను అవతలికి పోయి నీళ్లు తాగాను. మూడేళ్ల మాట బయటికి రావడానికి అరనిమిషమే పట్టిందా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆటోలో ఇల్లు చేరాక అవ్వ కాళ్లు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"నా చాట ఏడ వెట్టినవ్?"

స్టూలు వేసుకుని సజ్జ మీది మూట దించాను. మా ఆవిడ గాభరాగా, "మరి దగ్గు అత్తమ్మా? డాక్టర్ వద్దన్నడట గద," అంది.

"నాకు దగ్గెక్కడిది?" అంది అవ్వ. నా వైపు చూడలేదు. మూట విప్పి, చాటకు పట్టిన బూజు అరచేత్తో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. కత్తెర తీసి రెండుసార్లు ఆడించి చూసింది. తుప్పు పట్టి కిర్రుమంది.

"సాన వట్టించుకరా," అంది.

"రేపు తెస్త అవ్వా."

"ఇయ్యాలనే."

కత్తెర జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను.