అతను విసిరిన బంతి, నా కాలి దోషం

మా జట్టు క్వార్టర్‌బ్యాక్ గురించి ఒక మంచి మాట చెప్పి మొదలుపెడదామని చాలాసేపు ఆలోచించాను. జుట్టు బాగుంటుంది. హెల్మెట్ తీసినప్పుడల్లా కెమెరా అతని మీదే ఆగుతుంది. అతను వేళ్ళతో జుట్టు వెనక్కి దువ్వుకుంటాడు. అప్పటికే బంతి అవతలివాళ్ళ చేతిలో ఉంటుంది.

ఈ అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకుని విసిరేవాడు. మనవాడు పట్టుకుంటే ఆట ముందుకి సాగుతుంది. అవతలివాడు మధ్యలో పట్టేసుకుంటే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. మావాడు ఈ రెండోదానిలో సిద్ధహస్తుడు. దానధర్మాలు చేసేవాడు పుచ్చుకునేవాడి ఊరూ పేరూ అడగడు కదా, ఇతనూ అంతే.

నేను ఈ ఆట ఆఫీసులో నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే కనిపెట్టి చెప్పినందుకు జీతమిస్తారు, చెప్పినందుకే విసుక్కుంటారు కూడా. పక్క సీటులో ఉండే పెద్దావిడ పుట్టిన దగ్గర్నుంచీ ఈ జట్టు అభిమాని. లంచ్‌రూమ్ బల్ల మీద కెచప్ ప్యాకెట్లు ఒకవైపు, మస్టర్డ్ ప్యాకెట్లు ఒకవైపు పేర్చి ఎవరు ఎటు పరిగెడతారో చూపించేది. బంతిని కాదు, వాడి కళ్ళని చూడు అనేది.

అలా చూడటం అలవాటయ్యాక నాకు అసలు రోగం తెలిసిపోయింది. కంగారుపడితే మావాడు ఎడమవైపే చూస్తాడు. ఆ చివర పరిగెత్తేవాడొక్కడే తన మేనత్త కొడుకైనట్టు, మిగతావాళ్ళు ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా వాడికే విసురుతాడు. ఈ సంగతి నాకు తెలుసు, పెద్దావిడకి తెలుసు, ప్రతి ఆదివారం ఎదుటి జట్టుకీ తెలుసు. మా కోచ్‌కి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన ఆట మొత్తం ఒక పెద్ద అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. ఆ రహస్యాలు విని మాత్రం ఎదుటివాళ్ళు ఏం చేసుకుంటారు పాపం. ఇక క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడాల్సిన ఐదుగురు భారీ మనుషులున్నారు. వాళ్ళు మహా మర్యాదస్తులు, వచ్చినవాళ్ళకి లేదనకుండా దారిస్తారు.

ఇన్ని కారణాలుండగా, మా ఇంట్లో మాత్రం జట్టు ఓటమికి కారణం నేనని తేల్చారు.

తేల్చినవాళ్ళు ముగ్గురు. ఒకరు మా ఆయన. రెండో ఆయన వరంగల్ మనిషి, టెక్సస్‌లోని ప్లేనో నుంచి ఉద్యోగం మారి మా సబర్బ్‌కి వచ్చాడు, వస్తూనే పాత జట్టుని వదిలేసి మా జట్టుకి భక్తుడైపోయాడు. మూడో ఆయనది తెనాలి. జట్టు గెలిచేదాకా జెర్సీ ఉతకనని సెప్టెంబర్‌లో శపథం పట్టాడు. అక్టోబర్ వచ్చేసరికి ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఎలాగో ఒక ఆట గెలిచాక వాళ్ళావిడ ఆ జెర్సీ లాక్కుని వాషర్‌లో వేసింది. మరుసటి వారం ఓడిపోయారు. సబ్బు వల్లేనని ముగ్గురూ ఒప్పుకున్నారు.

ముగ్గురూ ఇంజనీర్లే. ఒకరు డేటా చూసి భవిష్యత్తు చెప్పే టీమ్‌లో పనిచేస్తారు. తెనాలి ఆయన ఉద్యోగమైతే నెట్‌వర్క్‌లో ఆలస్యం ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడం. ఈ మాట గుర్తుంచుకోండి.

నా సంగతి ఇలా మొదలైంది. పోయినేడు సీజన్ మొదటి ఆదివారం టీ ట్రేతో హాల్లోకి అడుగుపెట్టాను, ఇంటర్‌సెప్షన్. రెండో వారం సోఫా అంచున కూర్చున్నాను, బంతి చేతిలోంచి జారవిడుచుకున్నాడు. మూడో వారం నేను మెట్లు దిగుతున్నానంతే, టీవీ వైపు చూడను కూడా లేదు. మళ్ళీ ఎడమవైపు విసిరాడు, మళ్ళీ వాళ్ళవాడు పట్టుకున్నాడు. ముగ్గురూ టీవీని వదిలేసి నా కాళ్ళకేసి చూశారు.

"ఏమనుకోకుండ్రి వదినా, మీరు జర లోపల్నే ఉండుండ్రి," అన్నాడు ప్లేనో ఆయన.

"ఐరన్ లెగ్ అనట్లేదు వదినగారూ," అన్నాడు తెనాలి ఆయన. "జస్ట్ ట్రై చేద్దాం, ఒక్క వారం."

"పోయిన వారం ఆట మధ్యలో నేను గ్రోసరీకి వెళ్ళినప్పుడు కూడా ఇచ్చాడుగా?" అన్నాను.

"హాల్లోంచేగా వెళ్ళావు," అన్నాడు మా ఆయన.

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వాడు నయం, తన మద్దెలనే అన్నాడు. ఇక్కడ కోట్లు పుచ్చుకుని ఎవడో ఆడలేకపోతే, వంటింట్లో శనగపిండి కలుపుకునే దానిది తప్పట.

ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు. మా ఇంట్లో అలాంటి మాటలు ఉండవనుకునేదాన్ని. నేను కోరుకున్నది పెద్దదేం కాదు. వారమంతా పనిచేశాక, నా హాల్లో, నా సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ మనిషిని నోరారా తిట్టుకునే చోటు కావాలి. అది పోయింది. ఒక్క వారం అన్నది సీజన్ అయింది. మిర్చి బజ్జీల ప్లేటు కూడా మా ఆయన గుమ్మం దగ్గరే అందుకుని తీసుకెళ్ళేవాడు, నా నీడ కార్పెట్ మీద పడకుండా.

వంటింట్లో నాకొక చిన్న టీవీ ఉంది. గరాజ్ సేల్‌లో కొన్నది. కిటికీకి అతికించిన యాంటెన్నాతో లోకల్ చానల్స్ వస్తాయి. హాల్లో గోడంత టీవీ, దానికి ఇంటర్నెట్‌లో స్ట్రీమింగ్. నేను చిన్నదాని సౌండ్ పూర్తిగా తీసేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రొదలో, మూకుడు పక్కన నిలబడి ఆట చూసేదాన్ని.

ఒకరోజు నా టీవీలో మావాడు బంతి అవతలివాళ్ళకి సమర్పించుకున్నాడు. నేను పళ్ళు కొరుక్కుని, బజ్జీలు తిరగేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాను. అప్పుడు హాల్లోంచి హాహాకారాలు వినిపించాయి. మొదట నాకు అర్థం కాలేదు. వీళ్ళకి దుఃఖం ఇంత నెమ్మదిగా వస్తుందేమిటి అనుకున్నాను. తర్వాత ఒక టచ్‌డౌన్ చేశారు, అంటే బంతిని చివరి గీత దాటించారు. నేను చూసేశాను. హాల్లో మాత్రం "రన్ రా, రన్!" అని ఇంకా అరుస్తున్నారు. అప్పుడు తెలిసింది. నా పాత టీవీకి గాలిలో నేరుగా వచ్చేది వాళ్ళ గోడంత టీవీకి ఇంటర్నెట్ చుట్టూ తిరిగి అర నిమిషం వెనకాల వస్తోంది. వాళ్ళు లైవ్ అనుకుంటున్నది చల్లారిన ఆట.

దేవుడున్నాడనిపించింది.

తర్వాతి ఆదివారం నా టీవీలో టచ్‌డౌన్ కనబడగానే ప్లేటు తీసుకుని తిన్నగా హాల్లోకి నడిచాను. "అయ్యో వదినా!" అని ప్లేనో ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ చేతులు అలా ఉండగానే టీవీలో మావాడు విసిరిన బంతి, పొరపాటున, మావాడి చేతుల్లోనే పడింది. ముగ్గురూ ఎగిరి గంతేశారు. నేను ప్లేటు పెట్టి ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చేశాను.

అలా నాలుగైదుసార్లు చేశాను. మంచి జరిగినప్పుడు ప్రవేశం, చెడు జరిగినప్పుడు మూకుడు దగ్గరే. జట్టు ఓడుతూనే ఉంది, ఆ మనిషి ఎడమవైపే చూస్తున్నాడు. కానీ మంచి అంటూ ఏదైనా జరిగితే నేను హాల్లో ఉన్నప్పుడే జరుగుతోందని ముగ్గురూ గమనించారు. ఎంతైనా ఇంజనీర్లు కదా.

"వదినది లక్ష్మీపాదం రా, మనకే తెల్వలే," అన్నాడు ప్లేనో ఆయన.

సీజన్ చివరి ఆట వచ్చింది. ప్లేఆఫ్స్‌కి, అంటే పై రౌండ్లకి, వెళ్ళే ఆశ ఎప్పుడో పోయింది, పక్క రాష్ట్రం జట్టు చేతిలో ఓడకపోతే చాలు, పరువు దక్కుతుంది. మా ఆయన స్వయంగా వంటింట్లోకి వచ్చి, "ఈరోజు బజ్జీలొద్దు, పిజ్జా ఆర్డర్ చేశా. నువ్వొచ్చి మధ్యలో కూర్చో," అన్నాడు. వెళ్ళాను. పెళ్ళికూతురికి పీట వేసినట్టు కుషన్ సర్ది పెట్టారు. తెనాలి ఆయన తన జెర్సీతో సహా దూరంగా జరిగాడు. చోటు దొరికిందన్న సంతోషంలో పడి, ఆ అర నిమిషం వంటింట్లోనే వదిలేసి వచ్చానన్న సంగతి మరిచిపోయాను.

ఆట చివరి నిమిషానికి వచ్చింది. బంతి మా దగ్గరే ఉంది, ఇంకొంచెం ముందుకెళ్తే గెలుపు. ఐదుగురు మర్యాదస్తులూ దారిచ్చేశారు. మావాడు వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. కుడివైపు మనవాడొకడు చుట్టూ ఎవరూ లేకుండా నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. నేను క్వార్టర్‌బ్యాక్ కళ్ళు చూశాను.

"ఎడమకే విసురుతాడు. పోయింది. వాళ్ళకి ఇచ్చేస్తాడు," అన్నాను.

ఎడమకే విసిరాడు. ఇచ్చేశాడు.

ఈసారి నాకు తెలిసింది వంటింటి టీవీ వల్ల కాదు. చూసి, ఆలోచించి చెప్పాను. ఎలా తెలిసిందని ఒక్కరైనా అడుగుతారని ఎదురుచూశాను. కెచప్ ప్యాకెట్లతో చూపిద్దామనుకున్నాను, పిజ్జా బాక్స్‌లో అవి ఉన్నాయి కూడా.

"వదినగారికి నాలుక మీద మచ్చ ఉన్నట్టుంది," అన్నాడు తెనాలి ఆయన మెల్లగా.

"ఎందుకన్నావు ఆ మాట?" అన్నాడు మా ఆయన. నిజంగానే బాధపడుతున్నాడు.

నా కాలికి శక్తి ఉందంటే నమ్మారు. నాలుకకి ఉందన్నా నమ్ముతున్నారు. నా బుర్రకి ఈ ఆట అర్థమవుతుందన్న ఒక్కటి మాత్రం ముగ్గురిలో ఒక్కరి ఊహకీ అందలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అతని విసుర్లన్నీ నా కాలివీ నా నాలుకవీ అయితే, అతనికిచ్చే కోట్లలో నా వాటా ఏది?" అన్నాను. "ఇక నుంచి ఆదివారం నేను ఇక్కడే కూర్చుంటాను. బజ్జీలు కావాలంటే వంటిల్లు అటుంది."

తర్వాత వేసవిలో జట్టు యాజమాన్యం ఆలోచించి ఆలోచించి క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్ట్ పొడిగించింది. ప్రకటించేటప్పుడు అతను జుట్టు దువ్వుకున్నాడు.

ఈ ఏడు సీజన్ మొదటి ఆదివారం నేను సోఫా మధ్యలో కూర్చున్నాను. లెమ్మని ఎవరూ అనలేదు. బజ్జీలు లేకుండా ఆట ముందుకి సాగదని కాసేపటికి మా ఆయనే లేచి వంటింట్లోకి వెళ్ళాడు. శనగపిండి ఎక్కడుందని రెండుసార్లు అరిచాడు, చెప్పాను. ఆ తర్వాత, "ఇక్కడ కూడా టీవీ ఉందే!" అన్నాడు. ఇన్నేళ్ళలో వంటింట్లో అంతసేపు నిలబడటం ఆయనకదే మొదలు.

ఆట సమానంగా నడుస్తోంది. హాల్లో మా టీవీలో క్వార్టర్‌బ్యాక్ ఇంకా చేతులు తుడుచుకుంటున్నాడు, బంతి అందుకోను కూడా లేదు.

"అయ్యో! ఇచ్చేశాడ్రా! మళ్ళీ ఇచ్చేశాడు!" అని వంటింట్లోంచి కేక వినిపించింది.

హాల్లో ఇద్దరూ ఉలిక్కిపడి అటు చూశారు. తర్వాత టీవీకేసి చూశారు. మావాడు తీరిగ్గా బంతి అందుకున్నాడు, వెనక్కి నాలుగడుగులు వేశాడు, ఎడమవైపు చూశాడు, ఇచ్చేశాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. ముఖ్యంగా తెనాలి ఆయన నుదురు చిట్లించి ఏదో లెక్క వేస్తున్నట్టు కనిపించాడు. నెట్‌వర్క్ ఆలస్యాలు పట్టుకునేవాడు మరి.

మా ఆయన చేతిలో జల్లిగరిటెతో, చెంపకి పిండితో గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. "చూశారా? చూశారా?"

తెనాలి ఆయన ప్లేనో ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ తలలూపుకున్నారు.

"ఏమనుకోకన్నా," అన్నాడు ప్లేనో ఆయన. "నీ నోరు మంచిగ లేదు. నువ్వు జర లోపల్నే ఉండు."

మా ఆయన నావైపు చూశాడు. చెప్పడానికి ఒక్క మాట చాలు, అర నిమిషం కూడా పట్టదు. నేను కాళ్ళు చాపుకుని, టీవీ వైపు చూస్తూ, వచ్చేటప్పుడు ఉల్లిపాయ కూడా తరిగి తెమ్మన్నాను.