కమాను కింది గోడ

నా చిన్నప్పుడు, రుద్రవరం దాపున మా ఊరి చర్చి నడిమధ్యన ఒక గోడ ఉండేది. పెద్ద కమాను కింద, అటువైపు కానరాకుండా పైదాకా కట్టిన రాతిగోడ. తెల్లదొరలు తమ మిషను కోసం కట్టుకున్న చర్చి అది. వాళ్లు వెళ్లిపోయాక ఊరి సంఘానికి వచ్చింది. గోడకు అవతల రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల, నాలుగు బెంచీలు. దొరలు కూర్చున్న ఆ బెంచీల మీద తర్వాత సంఘపెద్దలు కూర్చున్నారు. కూలికి పోయే మేమంతా ఇవతల చాపల మీద. గోడలోని చిన్న వాకిలి గుండా పాస్టరు అయ్యగారి మాట వినిపించేది, మనిషి కనిపించేవాడు కాదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, ఆ వాకిలి ఎన్నడూ దాటలేదు. పెద్దలు ఒక్కదాన్నే రమ్మంటే పోను, అందరినీ పిలిస్తేనే వస్తానని మొండికేసింది. ఒక ఏడు ఆమె మంచాన పడింది. కోతపండగ నాటికైనా ఆ బల్లను ఆమెకు కళ్లారా చూపించాలని మా నాయన గోడ పడగొట్టడానికి సిద్ధమయ్యాడు. చాపల మీది వాళ్లంతా సై అన్నారు.

కొత్తగా వచ్చిన అయ్యగారు వద్దన్నారు. పైనున్న గంటగోపురం బరువుకు వెనకెప్పుడో కమాను పగిలితే, ఆసరాగా ఈ గోడ పెట్టారన్నారు. మనుషుల్ని విడదీసే బుద్ధి ఆ తర్వాత పుట్టిందన్నారు. కమాను రాళ్లు నున్నగా చెక్కినవి, గోడవి ఏరుకొచ్చి పేర్చినవి, మీరే చూడండన్నారు. ఎవరు వింటారు? పెద్దల పక్షం మాట్లాడుతున్నాడని మావాళ్లన్నారు. ఆయన నిచ్చెన ఎక్కి కమాను పగులుకు అడ్డంగా సున్నం పట్టీ పూసి, అది బాగా ఆరాక మా నాయనను పిలిచారు. పైవరుసలో ఒక్క రాయి తీసి చూడమన్నారు, కమాను కదిలితే ఆ పట్టీ చీలుతుందన్నారు. తాను కిందనే నిలబడతానన్నారు.

మా అమ్మ నా జుట్టు దొరకబుచ్చుకుని చర్చి గడప దాటనివ్వలేదు. మొదటి రాయి వచ్చింది. ఏమీ కాలేదు. నాయన నిచ్చెన మీదినుంచి నవ్వాడు.

"ఏందయ్యగారూ, యాడ పడింది మీ గోపురం?"

ఆయన మాట వినకుండా రెండో రాయి సందులోకి గడ్డపార దూర్చాడు. రాయి ఊడి కిందపడింది. పైన టప్పుమంది. నాయన తల మీద సున్నపు పొడి రాలింది. సున్నం పట్టీ రెండుగా చీలిపోయింది. మా అమ్మ కేక పెట్టింది. నాయన కొయ్యబారిపోయాడు. అయ్యగారు పారిపోతారనుకున్నాను. ఆయన వంగి రాళ్లు రెండు చేతులా ఎత్తి పైకి అందించారు.

"పెట్టప్పా, బేగా పెట్టు!"

రాళ్లు పెట్టి, సందుల్లో రాతి చెక్కలు దిగ్గొట్టాక గానీ ఎవరూ ఊపిరి పీల్చలేదు. నాయన దిగి, నేల మీద కూలబడి ఏడ్చాడు.

"అంటే మా యమ్మ ఆ బల్ల సూడకుండానే పోవాల్నా?"

అయ్యగారు వాకిలి దాటి వెళ్లి బల్ల మీద చెయ్యి వేశారు.

"గోడ కదలదు. బల్ల కదుల్తాది గదప్పా" అన్నారు.

ఇన్నేళ్లూ ఈ మాట ఒక్కరికీ తట్టలేదు చూడండి! అట్ల యాడన్నా ఉందా అని, చూడవచ్చిన పెద్దల్లో ఒకరు అడ్డం లేచారు. అయ్యగారు అప్పటికే బల్ల ఒక కొస పట్టుకున్నారు, నాయన రెండో కొస పట్టాడు. పక్కకు వంచి వాకిట్లోంచి ఇవతలికి తెచ్చేశారు.

కోతపండగ నాడు జేజిని మంచంతోనే మోసుకొచ్చాం. బల్ల ఇవతల ఉంటే పెద్దలు అవతల ఏం చేస్తారు? వచ్చి మా పక్కనే చాపల మీద కూర్చున్నారు. జేజి బల్ల అంచంతా తడిమి చూసింది.

"ఇంత సిన్నదా!" అంది. నవ్వింది, వెంటనే ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఎక్కువ దినాలు బతకలేదు.

నాది నాయన కోపమే. ఇంట్లోనైనా సంఘంలోనైనా అన్యాయం కనబడితే పీకి పారెయ్యాలనే అనిపిస్తుంది. అప్పుడు దాని మీద ఎవరి బరువు ఆని ఉందో చూస్తాను. చూశాక వదిలెయ్యను. కదిలేది ఏదో ఒకటి ఉంటుందని వెతికి, ఒక కొస నేనే పట్టుకుంటాను.